పాత చిన్న కారు: కొత్త బలమా, పోయిన బలమా?

సహకార సంఘ సభ్యులలో ననేకుల యిండ్లముందు నేడు పాత చిన్న కారొకటి కానవచ్చుచున్నది. బస్తీలో నెవరో పదునైదేండ్లు వాడి విడిచిన దానిని కొద్ది వెలకు గొని తెచ్చుకొనినవారే యెక్కువ. ఇది విలాసమునకు గాదు. రాత్రివేళ నొప్పులు వచ్చిన యాడుబిడ్డను ఆసుపత్రికి జేర్చుటకును, తెల్లవారకమున్నె కూరగాయల గంపలతో రైతుబజారునకు బోవుటకును, విత్తనపు సంచులు తెచ్చుకొనుటకును ఆ బండియే యాధారము. అట్టి బండి మిట్ట యెక్కలేక రొప్పుచున్నదనియు, పెట్రోలు మాత్రము మునుపటికంటె నెక్కువగా త్రాగుచున్నదనియు సభ్యులు మాతో జెప్పుకొనుచుందురు. “పికప్పు పోయినది, ఏమి చేయవలెను?” అనునదే వారి ప్రశ్న.

ఈ ప్రశ్నకు లోకమున రెండు సమాధానములు వినవచ్చుచున్నవి. “పెద్ద కార్బురేటరు వేయుము, సైలెన్సరు మార్చుము, పెట్రోలు గొట్టమునకు అయస్కాంతము దగిలింపుము, బండి గుఱ్ఱమువలె పరుగెత్తును” అనునది మొదటిది. “ఆ పాత యినుమును తుక్కునకు వేసి, అప్పు చేసి క్రొత్తది కొనుము” అనునది రెండవది. మొదటి మాట చెప్పువారు సామానులమ్ముకొనువారు; రెండవ మాట చెప్పువారు అప్పులిచ్చువారు. ఈ రెంటిలో నేదియు రైతు లాభనష్టములను జూచి చెప్పినది గాదు. మా యభిప్రాయమున, పాత యింజనునకు లేని బలమును దెచ్చిపెట్ట జూచుట వ్యర్థము. అది క్రొత్తగా నున్ననాడు దానికుండి, అలక్ష్యముచే పోయిన బలమును మరల రాబట్టుకొనుట సాధ్యము, చౌక కూడ. ఈ పని క్రమముగా జేసినచో పెక్కు బండ్ల విషయమున క్రొత్త యప్పు మాటయే యుండదు.

మన పల్లెలలోని పాత చిన్న కార్లలో మారుతి 800 ప్రధానమైనది గనుక దానినే యుదాహరణముగా దీసికొందము. ఇది 1983 డిసెంబరులో మొదట వెలువడినది. 2014 జనవరిలో దీని తయారీ నిలిచిపోయినది. ఈ నడుమ మన దేశమున 25 లక్షలకు పైగా నమ్ముడుపోయినది. దీని యింజను జపాను దేశపు సుజుకి వారి పద్ధతిది. సిలిండర్లు మూడు, మొత్తము కొలత 796 ఘన సెంటీమీటర్లు. కార్బురేటరు గల బండ్లలో దీని శక్తి సుమారు 37 గుఱ్ఱముల బలము. ఉత్త బండి బరువు సుమారు 650 కిలోలు. ఇందు నలుగురు పెద్దవారు కూర్చుండి, వెనుక 50 కిలోల సంచులు రెండు వేసినచో భారము 340 కిలోలగును. అనగా బండి తన బరువులో సగమునకు మించి మోయుచున్నది. 37 గుఱ్ఱములలో పది నిద్రపోయినచో ఇంత భారముతో మిట్ట యెక్కుట యెట్లు? కాని ఆ పదింటిని లేపుటకు క్రొత్త గుఱ్ఱములను కొనవలసిన పని లేదు.

పైరుల విషయమున మనకు దెలిసిన న్యాయమే యిక్కడను జెల్లును. జింకు లోపించిన వరిమడిలో యూరియా సంచులు గుమ్మరించిన ఫలమేమి? ఏ పోషకము మిక్కిలి కొఱవడినదో దిగుబడి దానిని బట్టియే యుండును గాని, సమృద్ధిగా నున్నవానిని బట్టి యుండదు. 19వ శతాబ్దమున జర్మనీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడగు లీబిగు ప్రచారమునకు దెచ్చిన యీ న్యాయమును పలకల తొట్టితో బోల్చి చెప్పుట వాడుక. తొట్టిలో నన్నిటికంటె పొట్టిపలక యెంత యెత్తున్నదో నీరంతవఱకే నిలుచును. ఇంజనును నట్టి తొట్టియే. గాలి, పెట్రోలు, నిప్పు, సిలిండరులోని బిగువు, చల్లదనము, పొగ వెడలు దారి అను నాఱు పలకలు దానికి గలవు. పొట్టిపలక యేదో కనుగొనక మఱియొక పలకకు అతుకు వేయించుకొనువారే నేడు పెక్కురు. సొమ్ము పోవుచున్నది, నీరు పెరుగుట లేదు.

మొదట కొలత

పొలములో క్రొత్త యెరువు గుణమును చూపవలసినప్పుడు ప్రక్కనే ఆ యెరువు వేయని మడి నొకదానిని విడిచెదము. రెండు మార్పులు ఒక్కసారి చేయము. చేసినచో ఫలము దేనివలన వచ్చినదో తెలియదు. బండి విషయమునను ఇట్లే చేయవలెను. ముందుగా నేటి స్థితిని కొలిచి వ్రాసికొనుడు. టాంకి నిండ పెట్రోలు పోయించి కిలోమీటర్ల యంకె గుఱుతుంచుకొని, 200 కిలోమీటర్లకు దక్కువ గాకుండ నడిపి, అదే బంకులో మరల నిండ పోయింపుడు. నడచిన కిలోమీటర్లను రెండవసారి పోయించిన లీటర్లచే భాగించినచో నిజమైన మైలేజి తెలియును. ఊహించి చెప్పు మాట లెక్కకు రాదు. మఱియు ఊరిప్రక్క మిట్ట నొకదానిని నిర్ణయించుకొని, అదే బరువుతో, రద్దీ లేని వేళ, ఏ గేరులో నెంత వేగముతో నెక్కుచున్నదో వ్రాసికొనుడు. తరువాత నొక్కొక్క మరమ్మతునకు వెనుక ఈ రెండు కొలతలను మరల దీసి చూడుడు.

పైస ఖర్చు లేని పరీక్షలు

ఇంజనును విప్పుటకు ముందు, నేరము నిజముగా ఇంజనుదేనా యని విచారింపవలెను. ఒకరు లోపల గూర్చుండి, ఇంజను ఆపియుంచి, యాక్సిలరేటరును పూర్తిగా త్రొక్కగా, మఱియొకరు మూత యెత్తి గాలిద్వారపు రెక్క పూర్తిగా దెఱచుకొనుచున్నదా యని చూడవలెను. తీగ సాగిపోవుటచేతనో, పాదముక్రింద పఱచిన మందపు చాప యడ్డుపడుటచేతనో, రెక్క ముక్కాలు మాత్రమే తెఱచుకొను బండ్లు మేము చూచినవానిలో పెక్కు గలవు. అట్టి బండికి ఇంజను పని చేయించుట, తూము మూసియుంచి కాలువ త్రవ్వించుట వంటిది.

తరువాత చక్రముల సంగతి. చదునైన నేలపై గేరు తీసి చేతితో నెట్టినచో చిన్న కారు తేలికగా గదలవలెను. కదలకున్నచో బ్రేకులు పట్టుకొని యున్నవి. కొన్ని కిలోమీటర్లు నడిపి యాపి, నాలుగు చక్రముల దగ్గఱ చేయి దాపుగా నుంచి చూచినచో వేడి తేడా తెలియును. పట్టుకొనిన చక్రము తక్కినవానికంటె వేడిగా నుండును. టైర్లలో గాలి తగ్గినను బండి బరువెక్కును. ఎంత గాలి యుండవలెనో తయారుచేసినవారి పుస్తకమున గలదు. వారమున కొకసారి, టైరు చల్లగా నున్నప్పుడు కొలిపింపుడు.

క్లచ్చి జారుచున్నను బలము పోయినట్లే తోచును. పై గేరులో మిట్ట యెక్కునప్పుడు ఇంజను మోత హెచ్చుచు వేగము హెచ్చకున్నచో, దోషము క్లచ్చిదే గాని యింజనుది గాదు. ఇట్టి బండికి ఇంజను బోరు చేయించి వేలు పోగొట్టుకొనినవారు లేకపోలేదు.

గాలి, పెట్రోలు

పెట్రోలు కాలుటకు దాని బరువునకు సుమారు పదునైదింతల బరువు గాలి కావలెను. లెక్క వేసినచో ఒక లీటరు పెట్రోలునకు తొమ్మిది వేల లీటర్లకు పైగా గాలి యగును. ఇంత గాలియు గాలిజల్లెడలోనుండియే పోవలెను. బస్తీ రోడ్డుమీద తిరుగు బండికి వ్రాసిన గడువు మన మట్టిబాటలకు జెల్లదు. నూర్పిళ్ల దినములలో ఊకదుమ్మునడుమ దిరిగిన బండి జల్లెడను నెలకొకసారియైన దీసి చూడవలెను. కాగితపు జల్లెడను నీటితో గడుగరాదు. మురికి పట్టినచో మార్చవలెను. జల్లెడ తీసివేసి నడిపినచో బలము వచ్చునని కొందఱందురు. వచ్చునది రవంత; లోనికి బోవు ఇసుక పిస్టనును, సిలిండరును ఆకురాయివలె అరుగదీయును. ఇది విత్తనపు గింజలను వండుకొని తినుటయే.

కార్బురేటరులోని జెట్టులు మన డ్రిప్పు గొట్టముల రంధ్రముల వంటివి. నలుసు చేరిన రంధ్రము నీరు తక్కువగా విడుచును. ముందు పెట్రోలు ఫిల్టరు మార్చి, పిమ్మట జెట్టులను తగిన ద్రావకముతోను, గాలితోను శుభ్రపఱపవలెను. తీగతో గాని సూదితో గాని పొడుచుట తగదు. రంధ్రము పెద్దదై కొలత చెడును. చోకు పూర్తిగా వదలుచున్నదా యనియు చూడవలెను. సగము మూసికొని నిలిచిన చోకువలన పెట్రోలు వృథాయగును, పొగ నల్లనగును. బండిని కాలుష్య పరీక్షకు గొనిపోయినప్పుడు ఇచ్చు కాగితమును పాఱవేయక దాచుకొనుడు. అందలి కార్బను మోనాక్సైడు పాలు హెచ్చుగా నున్నచో పెట్రోలు పూర్తిగా కాలుటలేదని యర్థము. చట్టమునకై తీసికొను ఆ కాగితము బండికి వైద్యుని చీటి కూడ నగును. 2000 సంవత్సరము తరువాతి బండ్లలో పెట్రోలును చిమ్ము ఇంజెక్షను పద్ధతి గలదు. వానికి జెట్టుల బాధ లేదు గాని, ఫిల్టరును, విద్యుత్తు జోడింపులును శుభ్రముగా నుండవలెను. ఏ బండికైనను సీసాలలో నమ్ము పెట్రోలు పోయించుట మానవలెను. అందు కిరోసినో, నీరో కలిసినను కనుగొనజాలము.

నిప్పు

స్పార్కు ప్లగ్గు సిలిండరు నాలుక వంటిది. వైద్యుడు నాలుక చూచి రోగము చెప్పునట్లు ప్లగ్గు చూచి యింజను స్థితి చెప్పవచ్చును. కొన లేత గోధుమరంగున నున్నచో మేలు. పొడిమసి పట్టినచో పెట్రోలు హెచ్చినది, లేదా గాలి తగ్గినది. నూనెతో తడిసినచో రింగులవెంట గాని వాల్వులవెంట గాని నూనె పైకి వచ్చుచున్నది. తెల్లగా కాలినచో పెట్రోలు తక్కువయై వేడి హెచ్చినది. మూడు ప్లగ్గులను వరుసగా బెట్టి చూడుడు. రెండు గోధుమరంగును, మూడవది నలుపును అయినచో రోగము ఆ యొక్క సిలిండరుదే. ప్లగ్గు కొనల యెడమును ఫీలరు గేజితో కొలిచి పుస్తకములోని కొలతకు సరిచేయవలెను.

నిప్పు పుట్టుటయే చాలదు, వేళకు పుట్టవలెను. ఆలస్యముగా పుట్టినచో బలము తగ్గును, ఇంజను వేడెక్కును. మఱీ ముందుగా పుట్టినచో బరువు లాగునప్పుడు లోపల టకటకమని కొట్టుకొనును. అది పిస్టనుకు హాని. విత్తు ముందైనను వెనుకైనను నష్టమేయను సంగతి రైతునకు వేఱుగ జెప్పనక్కఱలేదు. ఈ వేళను టైమింగు లైటుతో సరిచూచుటకు పట్టునది కొలది నిమిషములే. చెవితో విని సరిచేయు మెకానిక్కులు నేర్పరులే గావచ్చును. కాని లైటు అలసిపోదు, తొందరపడదు. ఈ యింజనులో వాల్వులను నడుపునది రబ్బరు బెల్టు. అది ఒక పన్ను తప్పి కూర్చుండినను బండి నడచును గాని బలముండదు. బెల్టు మార్చిన పిదప పికప్పు పోయినచో మొదట ననుమానింపవలసినది ఇదియే.

బిగువు

పై వన్నియు సరియైన తరువాతనే సిలిండరు బిగువును పరీక్షింపవలెను. దీనినే షెడ్లలో కంప్రెషను చూచుట యందురు. ఇంజనును వేడిచేసి యాపి, నిప్పును, పెట్రోలును రాకుండ కట్టివేసి, మూడు ప్లగ్గులును దీసి, యాక్సిలరేటరు పూర్తిగా త్రొక్కి, స్టార్టరుతో ద్రిప్పుచు ఒక్కొక్క సిలిండరునకు గేజి పెట్టి చూడవలెను. అంకె యెంతయనుటకంటె మూడంకెలు దాదాపు సమముగా నున్నవా యనునది ముఖ్యము. ఒకటి తగ్గినచో ఆ సిలిండరులో చెమ్చాడు ఇంజనునూనె పోసి మరల చూడుడు. అంకె పెరిగినచో రింగులు అరిగినవి. పెరుగకున్నచో వాల్వులు సరిగా మూసికొనుటలేదు. ప్రక్కప్రక్క సిలిండర్లు రెండును తగ్గినచో వానినడుమ గాస్కెట్టు పోయియుండవచ్చును.

వాల్వుల యెడము సరిచేయుటతో పోవు దోషమునకు ఇంజను మొత్తము విప్పించుకొని పెద్ద బిల్లు చెల్లించువారు గలరు. కావున సభ్యులు మఱువరాని మాట యొకటి గలదు: కంప్రెషను అంకెలు కాగితముమీద వ్రాసి చూపనిదే ఇంజను బోరు చేయుటకు ఒప్పుకొనరాదు. అడిగినచో ఏ నిజాయితీగల మెకానిక్కును కోపపడడు.

చల్లదనము, పొగదారి

మన బోరునీటిలో సున్నపు లవణములు హెచ్చు. ఆ నీటివలన డ్రిప్పు గొట్టములలో తెల్లని పెచ్చు కట్టుట మనము కన్నులార జూచుచున్నదే. ఆ నీటినే రేడియేటరులో పోసినచో అట్టి పెచ్చే లోపల కట్టి యింజను వేడెక్కును. శుద్ధజలమును, తగిన కూలెంటును పోయవలెను. వేడికాలమున థర్మోస్టాటును పీకివేయుట కొన్ని షెడ్లలో నాచారమైనది. దానివలన ఇంజను తగిన వేడికి జేరక పెట్రోలు ఎక్కువ త్రాగును. చల్లని యింజను వేగముగా నరుగును కూడ. చెడినచో మార్చవలెను గాని తీసివేయరాదు. పొగగొట్టము లోపల తుప్పురేకు విఱిగి యడ్డుపడినను, ఇంజెక్షను బండ్లలో పొగను శుద్ధిచేయు కన్వర్టరు పూడుకొనినను ఇంజను ఊపిరి విడువలేదు. ఎంత త్రొక్కినను కొంత వేగము దాటదు. ఇట్టిచోట క్రొత్త కార్బురేటరు ఏమి చేయగలదు?

మన పంటయే పెట్రోలులోనికి

ఇటీవల మైలేజి తగ్గినదను ఫిర్యాదునకు మఱియొక కారణము గలదు. 2025 నాటికి దేశమంతట నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిపిన పెట్రోలు బంకులకు వచ్చినది. చెఱకు, మొక్కజొన్న, నూకలు మొదలగువానినుండి ఈ యిథనాలు తీయుదురు. అనగా మన పంటయే మన టాంకిలోనికి వచ్చుచున్నది. కావున దీనిని దూషించుట కంటె దీని గుణమెఱిగి నడచుకొనుట మేలు. ఇథనాలు లీటరునకు పెట్రోలుకంటె సుమారు మూడవవంతు తక్కువ వేడినిచ్చును. కనుక 20 పాళ్లు కలిసినచో నూటికి ఆఱేడు పాళ్లు వేడి తగ్గుట ప్రకృతి; దానిని ఏ మెకానిక్కును మాన్పలేడు. దీనియందు ప్రాణవాయువు గలదు గనుక, పాత కార్బురేటరు బండిలో పెట్రోలు పాలు కొంచెము పలుచనై ఇంజను తడబడవచ్చును. జెట్టులు శుభ్రముగా లేని బండికి ఈ బాధ యధికము. ఇథనాలు పాత రబ్బరు గొట్టములను చెఱచును, గాలిలోని చెమ్మను పీల్చుకొనును. ఇథనాలునకు తగిన రబ్బరు గొట్టములు వేయించుటయు, నెలలతరబడి బండిని కదల్పక నిలుపకుండుటయు మన చేతిలోని పనులు. గొట్టము చీలి పెట్రోలు కాఱుట బలమునకేగాక ప్రాణమునకును ముప్పు. ఈ యొక్క ఖర్చును వాయిదా వేయరాదు.

సంతలోని మాయలు

ఇక గొట్టమునకు దగిలించు అయస్కాంతములు, టాంకిలో వేయు బిళ్లలు, గాలిని సుడిద్రిప్పు రేకులు. అమెరికా దేశపు పర్యావరణ రక్షణ సంస్థ ఇట్టి సాధనములను నూఱింటికి పైగా పరీక్షించి చూచినది. పెట్రోలు మిగిల్చినవి మిక్కిలి కొద్ది, మిగిల్చినను స్వల్పము. నిజముగా పని చేయునదైనచో కార్లు తయారుచేయువారే దానిని పెట్టి యమ్మియుందురు గదా! హెడ్డును అరుగదీసి బిగువు పెంచుట, పెద్ద జెట్టులు వేయుట మొదలగునవి పందెములాడువారికి దగును. వారు ఇంజను ఎంతకాలము మన్నునని చూడరు. మనకు అదియే ముఖ్యము. పైగా తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను క్రింద నిషిద్ధము. ఇంజను రకము మార్చినచో బీమా వారును పేచీ పెట్టవచ్చును.

అప్పు మాట

క్రొత్త బండి కొనవలెనను పక్షమున న్యాయము లేదని మేమనము. పాత చిన్న కార్లలో గాలిసంచులు లేవు. ఢీకొనినప్పుడు రక్షణ తక్కువ. నేలరేకు తుప్పుపట్టి చిల్లులు పడినను, బ్రేకులు నమ్మదగకపోయినను, మూడు సిలిండర్లలోను బిగువు పోయి నీలిపొగ విడుచుచున్నను, బాగుచేయు ఖర్చు బండి వెలను మించునేమో లెక్క చూడవలెను. మించినచో విడువవలసినదే. ఎండిన చెట్టునకు ఎరువు వేయరాదు. పదునైదేండ్లు నిండిన బండి రిజిస్ట్రేషనును ఐదేండ్ల కొకసారి పరీక్షింపించి పొడిగించుకొనవలయును గావున ఆ ఖర్చును కూడ లెక్కలో చేర్చవలెను.

కాని పికప్పు లేదను నొక్క కారణమున అప్పునకు దిగరాదు. నాలుగు లక్షల యప్పునకు నూటికి పది వడ్డీ చొప్పున మొదటి యేటి వడ్డీయే దాదాపు నలుబది వేలగును. ఇటు చూడుడు: నెలకు 600 కిలోమీటర్లు తిరుగు బండి లీటరునకు 14 నుండి 17 కిలోమీటర్లకు పెరిగినచో నెలకు ఏడున్నర లీటర్లు మిగులును. లీటరు 110 రూపాయలని లెక్కించినను నెలకు 825, ఏటికి 9,900 రూపాయలు. ఒకటి ఏటేట పోవు సొమ్ము, మఱియొకటి ఏటేట మిగులు సొమ్ము. వానలు తప్పిన యేట కూడ వాయిదా తప్పదని మఱవకుడు. కారు అప్పు కొఱకు పొలము తాకట్టునకు బోవుట మనము చూడరాని దృశ్యము.

సంఘము చేయదగినది

పై పరీక్షలకు కావలసిన సామగ్రి యేమి? కంప్రెషను గేజి, ఫీలరు గేజి, ప్లగ్గు పానా, టైమింగు లైటు, టైరు గేజి, బండి మరమ్మతు పుస్తకము. ఇవి ఒక్కొక్క సభ్యుడు కొనుట దండుగ. అందఱును కలిసి యొక పెట్టె కొనుట తేలిక. తైవాను స్ప్రేయర్లను, విత్తనపు గొఱ్ఱులను అద్దెకిచ్చు సంఘములు ఈ పెట్టెను కూడ నుంచవచ్చును. ఊరిలోని యువకులిద్దఱిని మెకానిక్కునొద్ద కొన్నాళ్లు శిక్షణ కిచ్చి, నెలకొక దినము సంఘము గోదాము ముందు బండ్లను పరీక్షింపించి, ప్రతి బండికి ఒక పుట చొప్పున అంకెలు వ్రాయింపవలెను. దీనివలన మెకానిక్కుల బ్రతుకుదెరువు పోదు. కొలత తెలిసిన రైతు వచ్చి పని చెప్పినచో మంచి మెకానిక్కునకే గౌరవము. ఊహించి బిల్లు వేయువానికి మాత్రమే ఇబ్బంది. పవరు టిల్లరు, స్ప్రేయరు ఇంజన్లకును ఇదే విద్య పనికివచ్చును. గాలి, పెట్రోలు, నిప్పు, బిగువు అను న్యాయము వానికిని మాఱదు.

బండి ముసలిదైనంత మాత్రమున పనికిమాలినది గాదు. మన యిండ్లలోని ముసలియెద్దును, దానికి తిండి సరిగా పడుచున్నదా, కాడి మెడను కోయుచున్నదా, గిట్టలో ముల్లు గ్రుచ్చుకొన్నదా యని చూచిన తరువాతనే గదా అమ్మకమునకు దోలుదుము! ఇంజనునకు నోరు లేదు గాని ప్లగ్గు రంగు, పొగ రంగు, మోత, గేజిముల్లు దాని భాష. ఆ భాష నేర్చుట కష్టము గాదు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ పనిముట్ల పెట్టె విషయమును సభ్యులు ప్రతిపాదించి తీర్మానింతురుగాక యని కోరుచున్నాము. అంతవఱకు ఈ వారమే ప్రతివారును చేయదగిన దొకటి గలదు: కాలిక్రింది చాప తీసి, యాక్సిలరేటరు త్రొక్కి, ఆ రెక్క పూర్తిగా తెఱచుకొనుచున్నదో లేదో చూడుడు.